లిఫ్టు గుంతలో పియానో

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రెండుసార్లు కాగితం ముందేసుకుని, రెండుసార్లూ దాని మీద కూరగాయల చిట్టీ రాసుకుని అంగడికి పోయాను. పోయినవాళ్ల గురించి రాయడానికి పెద్దవాళ్లుంటారు. పోయినవాళ్లు కూడా పెద్దవాళ్లై ఉండాలి. మా ఇబ్రహీంపట్నంలో మూడో అంతస్తులో ఒక ముసలాయన పోతే చదివేవాళ్లకు ఏం పట్టింది? పైగా ఆయన బతికుండగా నా రాత వినిపిస్తే మొదటి వాక్యం దగ్గరే ఆపి, "అన్నా, గీడ జర దిగింది, బిగించు" అనేవాడు. ఆ భయం నాకింకా పోలేదు.

శుక్రవారం పొద్దున ఆయన బిడ్డ ఫోన్ చేసింది. నేను పళ్లు తోముకుంటున్నాను.

"చాచా, అబ్బా పోయిండు" అన్నది.

నోట్లో నురుగు.

"ఇంటున్నవా చాచా?"

ఉమ్మేసి, వింటున్నానన్నాను.

"నిన్న మంచిగనే తిన్నడు. పొద్దుగాల చాయ్ తీస్కపోతె లేస్తలేడు." మళ్లీ తనే అన్నది: "జల్ది రా చాచా. కిందికి ఎట్ల దించాల్నో ఎవ్వరికి సమజైతలేదు."

ఆయన కిందికి దిగడం గురించే ఈ రాతంతా అని ఇప్పుడు తెలుస్తోంది. కానీ నేను తిన్నగా నడిచే మనిషిని కాను. నా సంగతి కొంచెం చెప్పుకోకపోతే ఆయన దాకా రాలేను.

బస్టాండు ఎదురుగా నాకో దుకాణం ఉండేది. రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసేవాణ్ని. ఎవరూ నేర్పలేదు. మా ఇంటి రేడియో విప్పాను, బిగించడం రాలేదు, మా నాయన వచ్చేలోపు బిగించాల్సి వచ్చింది. నా చదువంతా అంతే. ఒకసారి ఒకాయన రేడియో తెచ్చి, ఇందులో అన్నీ చెడ్డ వార్తలే వస్తున్నాయి, జర చూడమన్నాడు. దుమ్ము తుడిచి ఇచ్చేశాను. వారం తర్వాత కనపడి, ఇప్పుడు నయమే అన్నాడు. ఇలాంటి గిరాకీలతో ముప్పై ఏళ్లు గడిచాయి. తర్వాత రేడియోలు పోయాయి, క్యాసెట్లు పోయాయి, దుకాణానికి తాళం పడింది. తాళం చెవి మాత్రం గుత్తిలోనే ఉంచుకున్నాను. ఎందుకంటే చెప్పలేను.

నాకు సొంత పాట ఒకటుంది. చాలా ఏళ్లుగా నోట్లోనే తిరుగుతోంది. పాట సంగతి పక్కనపెట్టండి, అదేమంత గొప్పది కాదు. మూతపడుతున్న ఇంటర్నెట్ సెంటర్లో పాత కంప్యూటరొకటి దొరికితే తెచ్చుకుని, ఇంట్లోనే పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేరు అందులో పెట్టుకున్నాను. చవక కీబోర్డు ఒకటి తగిలించాను. పాట కింద పియానో పలకాలని కోరిక. ఎందుకు పియానోనే అంటే, ఒకప్పుడు పట్నంలో ఒక ఫంక్షన్‌కు ఆంప్లిఫయర్ బాగుచేయడానికి పోయి అక్కడ పియానో విన్నాను. ఆ రోజు ఆంప్లిఫయర్ బాగుకాలేదు.

ఇంటర్నెట్లో పియానో ధ్వనులు దొరుకుతాయి. నిజమైన పియానో ముందు మైకు పెట్టి, ఒక్కో స్వరాన్ని మెల్లగా, గట్టిగా, ఇంకా గట్టిగా కొట్టి రికార్డు చేసి పెడతారు. మనం ఇంట్లో కీబోర్డు నొక్కితే కంప్యూటరు ఆ రికార్డును పలికిస్తుంది. ఉచితంగా వచ్చేవి కొన్ని, కొనుక్కోవాల్సినవి కొన్ని. మంచివాటిలో ఒకదాని ధర నా కంప్యూటరు కంటే ఎక్కువ. కాబట్టి ఉచితంలోనే నిజమైనదాన్ని వెతకాలి. ఏది నిజమో నాకెలా తెలుస్తుంది? జీవితంలో ఒక్కసారి విన్నవాణ్ని.

మా వీధి చాయ్ దుకాణంలో ఈ గోడు వెళ్లబోసుకుంటే ఒకాయన, "గా మూడంతస్తుల బిల్డింగ్ల ఒక పియానో మేస్త్రీ ఉంటడు గద, పోయి అడుగరాదు" అన్నాడు. ఆ బిల్డింగుకు పోయి వాచ్‌మన్‌ను మేస్త్రీ ఏ ఇంట్లో ఉంటాడని అడిగాను. "ఏం కట్టిస్తున్నవ్?" అని ఎదురడిగాడు. ఇక్కడ మేస్త్రీ అంటే గోడలు లేపేవాడే.

యాభై నాలుగు మెట్లు. మొదటి రోజే లెక్కపెట్టాను, మోకాళ్లు లెక్కపెట్టించాయి. మెట్ల పక్కన ప్రతి అంతస్తులో లిఫ్టు తలుపు ఉండాల్సిన చోట పలకలు అడ్డంగా కొట్టి ఉన్నాయి. బిల్డరు ఫ్లాట్లు అమ్మేటప్పుడు లిఫ్టు పెడతానన్నాడట. గుంత తవ్వాడు, గోడలు కట్టాడు, లిఫ్టు మరిచాడు. గుంత అడుగున పాత కూలరూ, విరిగిన సైకిలూ, సిమెంటు సంచులూ పడి ఉండేవి.

ఆయన కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, తెల్ల గడ్డం. పక్షవాతం వచ్చి ఎడమ కాలు ఈడ్చుకుపోయింది. చేతులు మాత్రం బాగానే ఉన్నాయి. తలుపు పక్క మేకుకు ఒక ఇనుప పనిముట్టు వేలాడుతోంది. పియానో తీగలను బిగించేది. దాన్ని ఆయన చాబీ అనేవాడు. సికింద్రాబాద్‌లో పియానోలు బాగుచేసే ఒక దుకాణంలో పిల్లవాడిగా చేరి, ముసలివాడై బయటికొచ్చాడు. ఊర్లో చిన్నాయన కొడుకులు పొలం దున్నుతుంటే, ఈయన తీగలు బిగించాడు.

నా ఫోన్‌కు హెడ్‌ఫోన్ తగిలించి, తెచ్చుకున్న పియానో వినిపించాను. శ్రద్ధగా విన్నాడు. హెడ్‌ఫోన్ తీసి మంచం మీద పెట్టాడు.

"పియానో ఏడున్నది?" అన్నాడు.

"గదే గద భాయ్, నువ్వు ఇన్నది."

"గది పియానో ఫోటో. ఫోటో ముందట అన్నం పెడ్తె తింటదా?"

ఆయన నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను ఆయన్ను భాయ్ అంటే, ఆయన నన్ను అన్నా అనేవాడు. ఎందుకని అడిగితే, "గడ్డం చూస్తె ఎవ్వరన్న నువ్వే ముసలోనివంటరు" అన్నాడు. నాకు గడ్డం లేదు.

ఆ రోజు నుంచి వారానికి రెండు మూడుసార్లు ఆ మెట్లెక్కాను. ఒకే చిన్న స్వరమాలను రకరకాల పియానోలతో రికార్డు చేసి తీసుకెళ్లేవాణ్ని. ఒకదాన్ని విని, "జలుబు చేసింది" అన్నాడు. ఇంకోదానికి, "దీనికి పండ్లు కట్టించిన్రు" అన్నాడు. ఒక పియానో నాకు చాలా నచ్చింది. ఆయన ఒకే స్వరాన్ని నాలుగుసార్లు వినిపించమన్నాడు. నాలుగుసార్లూ ఒకేలా మోగింది.

"అన్నా, జర దగ్గు" అన్నాడు.

దగ్గాను.

"మల్ల దగ్గు."

మళ్లీ దగ్గాను.

"మనిషి రెండుసార్లు ఒక్కతీర్గ దగ్గుతడా? గిది ఒక్కతీర్గనే దగ్గుతున్నది. సచ్చిన పియానో."

చాలా పెద్ద ఫైలున్న పియానో ఒకటి, కొన్నాళ్లు వాడి చూసుకోవడానికి ఇస్తున్నారని తెలిసి దించాను. దిగడానికి నాలుగు రోజులు పట్టింది. తెరవగానే నా కంప్యూటరు ఆగిపోయింది, దాన్ని లేపడానికి మరో రెండు రోజులు. ఈ సంగతి చెబితే ఆయన చాలా సంతోషించాడు. "గది అసల్ పియానో అయ్యుంటది. మోసెటోని నడుం ఇరగాలె" అన్నాడు.

ఆయన నవ్వుతున్నప్పుడు కూడా ఒక చెవి కిటికీ వైపే ఉండేది. కిటికీలోంచి సాగర్ రోడ్డు కొంచెం కనపడుతుంది. ఎల్బీనగర్, ఎల్బీనగర్ అని అరిచే షేర్ ఆటోలు. ఏ ఆటో హారన్ ఏ స్వరమో ఆయనకు తెలుసు. "గా పచ్చ ఆటో హారన్ మొన్నటిసంది దిగింది. బ్యాటరీ పోతున్నదని వానికి ఎవ్వరన్న చెప్పున్రి" అనేవాడు. చెప్పేవాళ్లెవరు? ఆ ఇంటికొచ్చి నాలుగేళ్లయింది, కాలు పడి మూడేళ్లు. ఈ మూడేళ్లలో ఒక్కసారీ కింద కాలు పెట్టలేదు. డాక్టరే పైకి వచ్చేవాడు. మంగలి పైకి వచ్చేవాడు. పండుగ నమాజు మంచం మీదే.

హార్మోనియం వాయించేవాళ్లు నొక్కే పలకలను మెట్లంటారు. పియానోకూ ఆయన అదే మాట వాడేవాడు. "ఎనభై ఎనిమిది మెట్లు అన్నం పెట్టినయ్. యాభై నాలుగు మెట్లు బంద్ పెట్టినయ్" అన్నాడొకసారి. నవ్వాలో వద్దో తెలియక చాయ్ తాగాను.

చివరికి ఒక పియానో దొరికింది. ఎవరో తన ఇంట్లోని పాత పియానోను తనే రికార్డు చేసి ఉచితంగా పెట్టాడు. పెద్ద హంగు లేదు. మెట్టు నొక్కితే లోపల చెక్క టక్కుమనడం వినపడుతుంది. ఒకచోట కుర్చీ కిర్రుమంది. మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు.

"కుర్చీ మీద మనిషి కూసున్నడు" అన్నాడు.

"అయితే ఇది ఖాయమేనా?"

"ఆగు. మంచిగున్నది. కని గిది ఏ రూమ్‌ల ఉన్నది?"

"రూమేంది భాయ్?"

"పియానో రూమ్‌ల ఉంటది. దాని సప్పుడు పోయి గోడను ముట్టి, కప్పును ముట్టి మల్లొస్తది. గిది పోయింది, మల్ల ఒస్తలేదు. రూమ్ లేని పియానో ఏడుంటది? నేను రూమ్ ఇడ్సి బయటికి పోలేకపోతున్న, ఇది రూమ్‌లకే రాలేకపోతున్నది."

అప్పుడు చెప్పాడు. సికింద్రాబాద్‌లో ఒక పాత బడి. అందులో ఎత్తైన చెక్క కప్పున్న హాలు. మూలకు పెద్ద పియానో. ముప్పై ఏళ్లు ఏడాదికి రెండుసార్లు పోయి దాన్ని బిగించాడు. బడికి సెలవులున్నప్పుడు పోయేవాడు, హాల్లో ఇంకెవరూ ఉండరు. ఒక మెట్టు కొడితే ఆ మోత వెనక కిటికీల దాకా పోయి వచ్చేదట. "మల్ల ఒక్కపారి ఇన్నననుకో అన్నా, ఇగ సాలు" అన్నాడు. ఆయన ఏదైనా కావాలని అడగడం అదొక్కసారే విన్నాను.

ఇక్కడ నేను తప్పు చేశాను. ఎవరికీ చెప్పకుండా ఆ బడికి పోయాను. పియానో ఇంకా ఉంది. ఆదివారం వచ్చి వినిపోవచ్చన్నారు. కారు మాట్లాడాను. అడ్డా మీద ఇద్దరు హమాలీలను మాట్లాడి, చేతుల కుర్చీ ఒకటి తీసుకుని ఆదివారం పొద్దున మేస్త్రీ గుమ్మంలో నిలబడ్డాను. ఆయన ఎగిరి గంతేస్తాడనుకున్నాను. కాలు పడిన మనిషి గంతేస్తాడనుకోవడం నా తెలివి.

ఆయన కుర్చీని చూశాడు, హమాలీల భుజాలను చూశాడు. బిడ్డను పిలిచి వాళ్లకు చాయ్ ఇమ్మన్నాడు. తాగాక, "పోయిరాన్రి బిడ్డా, మీకు తక్లీఫ్ ఇచ్చిండు మా అన్న" అని పంపేశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"పియానోలను నేను గిట్లనే దించిన అన్నా. కంబళ్లు చుట్టి, తాళ్లు కట్టి, జర పైకి, జర పైకి అనుకుంట. దిగేటప్పుడు అది ఏమన్న అంటదా? దాన్ని ఎవ్వడన్న అడుగుతడా? నన్ను గట్ల దించకు."

"ఇనాలన్నవ్ గద భాయ్."

"ఇనాలన్న. మోయమన్ననా? మోసేది ఒక్కసారే. గప్పుడు గూడ నేను అడుగ."

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మూడు వారాలు నేను ఆ మెట్లెక్కలేదు. బిడ్డ బజార్లో కనపడితే, "అలిగిండు చాచా" అన్నది. ఎవరన్నది అడగలేదు. ఇద్దరమూ అలిగాం. కంప్యూటరు మీద బట్ట కప్పేశాను. ఆ పాట కూడా పాడబుద్ధి కాలేదు.

మూడు వారాలయ్యాక మొజంజాహీ మార్కెట్ బిస్కెట్లు ఒక డబ్బా పట్టుకుని, ఏమనాలో గొణుక్కుంటూ మెట్లెక్కాను. మూడో అంతస్తులో ఆయాసం తీర్చుకోవడానికి లిఫ్టు గుంత పలకలకు ఆనుకున్నాను. జేబురుమాలు తీస్తే తాళాల గుత్తి కూడా వచ్చి పలకల సందులోంచి జారిపోయింది. గుంత గోడకు తగిలింది. ఇంకో గోడకు తగిలింది. అడుగున కూలరు మీద పడి ఒక్క మోత మోగింది. ఆ మోత పైకొచ్చింది, కప్పును తాకింది, మళ్లీ కిందికిపోయింది.

లోపల్నించి ఆయన గొంతు వినపడింది. "ఎవ్వరది? ఏం పడ్డది?"

"నేనే భాయ్. చాబీలు పడ్డయ్."

లోపల మంచం కిర్రుమంది. తర్వాత, "మల్ల ఏయ్" అన్నాడు.

వేయడానికి ఇంకేం లేదు. చెప్పు విప్పి వేశాను. చెప్పు పెద్దగా మోగలేదు. అప్పటికి ఆయన గోడ పట్టుకుని, కాలీడ్చుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. వచ్చి చప్పట్లు కొట్టాడు. చెవి పలకల వైపు తిప్పి విన్నాడు. నాతో అలక సంగతి ఆయనకు గుర్తులేదు.

"అన్నా, గిది రూమ్" అన్నాడు. "నీ పియానోను గిండ్ల పెట్టు."

పనిలో దిగితే నేను బాగానే ఉంటాను. వాచ్‌మనూ నేనూ కలిసి కంప్యూటరును పైకి మోశాం. స్పీకరుకు తాడు కట్టి, ఒక పలక ఊడదీసి గుంతలోకి వదిలి, రెండో అంతస్తు దాకా దించాం. మైకును మూడో అంతస్తులో పలకల దగ్గర పెట్టాం. కీబోర్డు ఆయన మంచం మీద. నొక్కితే కంప్యూటర్లోంచి మోత గుంతలోకి పోతుంది, గోడలను తాకి పైకి మైకులోకి వస్తుంది, మైకులోంచి ఆయన హెడ్‌ఫోన్లోకి. నా తాళాలు మాత్రం దొరకలేదు. గుంత అడుగుకు దిగే దారి లేదు, కింద అడ్డుగోడ కట్టేశారు. ఆ సాయంత్రం మా ఇంటి తాళం పగలగొట్టించుకున్నాను. "నీ చాబీ పాయె, నా పని ఆయె" అన్నాడాయన.

కీబోర్డును కళ్లతో కొలిచాడు. "ఇరవై ఏడు మెట్లు తక్కువ" అన్నాడు. తర్వాత బిడ్డను పిలిచి, "జర చాబీ ఇయ్" అన్నాడు. ఆమె మేకు మీది ఇనుప పనిముట్టు తీసిచ్చింది.

ఏదో పాట వాయిస్తాడనుకుని నేను రికార్డు నొక్కాను. ఆయన ఎడమ చేత్తో ఒక మెట్టు కొట్టాడు. ఆగాడు. అదే మెట్టు మళ్లీ కొట్టాడు. ఆగాడు. దాని పైది కలిపి కొట్టాడు. కుడిచేతిలో చాబీని గాలిలో వెంట్రుకవాసి తిప్పాడు. మళ్లీ కొట్టాడు.

ఆయనకు పాటలు రావు. ఇన్ని నెలలుగా నేనడగనే లేదు. పియానో బిగించేవాడు వాయించడు, కొట్టి వింటాడు, అంతే. ఆయన ఇప్పుడు పియానో బిగిస్తున్నాడు. కంప్యూటర్లోని పియానోకు బిగించాల్సిన తీగే లేదు. అది చెప్పడం మానేసి హెడ్‌ఫోన్ వైరు ముడి విప్పాను. మెట్టు నొక్కాక మోత రావడానికి కొంచెం ఆలస్యమవుతోంది, పాత కంప్యూటరు. అదైనా చెప్పి క్షమించమందామనుకుంటే ఆయనే అన్నాడు: "హాల్ల గూడ గంతే. సప్పుడు పోయిరావద్దా?"

గంటకు పైగా బిగించాడు. కింది అంతస్తు ఆమె పైకి వచ్చి, "ఏం సప్పుడు గిది? గోడల్నించి ఒస్తున్నది" అని అడిగింది. బిడ్డ బయటికి పోయి, "పియానో రిపేర్ నడుస్తున్నది" అని చెప్పింది. ఆమె లోపలికి తొంగి చూసింది. మంచం మీద ముసలాయన ఇనుప ముక్క పట్టుకుని గాలిని తిప్పుతున్నాడు. నేను నేల మీద కూర్చుని ఉన్నాను. వచ్చిన దారినే దిగిపోయింది. నడుమ ఒకసారి ఆమె కుక్కరు కూడా రికార్డులో పడింది.

హెడ్‌ఫోన్ తీశాక ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి.

"అదేనా భాయ్?" అని అడిగాను.

"గా హాల్ కాదు" అన్నాడు. చాబీని తుడిచి బిడ్డకిచ్చాడు. "కని రూమే."

ఆ తర్వాత దాదాపు రోజూ బిగించేవాడు. కంప్యూటరు ఇంక మా ఇంటికి రాలేదు. నా పాట రికార్డు కాలేదు, అడగడానికి నాకూ మొహం లేకపోయింది. ఎప్పుడైనా నేను పోయేసరికి బిగిస్తూ ఉంటే మెట్ల మీదే కూర్చునేవాణ్ని. గుంతలోంచి ఒకే స్వరం పదేసిసార్లు వచ్చేది. నాకు తెలిసి ఏ రెండూ ఒకేలా లేవు. అది కంప్యూటరు గొప్పా, గుంత గొప్పా, ఆయన వేలు గొప్పా అన్నది తేల్చుకోలేకపోయాను. కిటికీ అదే, మంచం అదే, కాలు అదే. కానీ మూడేళ్లు ఆయన్ను లోపలే ఉంచిన బిల్డింగు చేతనే ఒక పని చేయించుకున్నాడు. ఆయన నాకు నేర్పిందేమిటని ఎవరైనా అడిగితే ఇదొక్కటే చెప్పగలను. చెబితే ఆయన ఒప్పుకోడు, అదీ తెలుసు.

ఆ శుక్రవారం నేను పోయేసరికి మసీదు నుంచి తెచ్చిన, శవాన్ని మోసే డోలా కిందే ఉంది. మెట్ల మలుపులో అది తిరగదు. దుప్పటి పరిచి, నాలుగు మూలలూ నలుగురు పట్టుకున్నారు. ఒక మూల నన్ను పట్టుకోమంటే పట్టుకున్నాను. ఆ ఆదివారం మాట గుర్తుంది, అయినా పట్టుకున్నాను. కాళ్ల వైపు నుంచి ఎవరో "జర పైకి, జర పైకి" అంటున్నారు. ప్రతి మలుపులో ఆ మాట గుంతలోకి పోయి మళ్లీ వచ్చింది.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక బిడ్డ ఫోన్ చేసింది. బిల్డింగువాళ్లు ఎట్టకేలకు లిఫ్టు పెట్టిస్తున్నారట, పనివాళ్లు రేపొస్తారు, గుంతలో ఏమున్నా తీసుకుపొమ్మన్నారట. మరుసటి రోజు పోయి తాడు ముడి విప్పి, స్పీకరును పైకి లాగాను. వైరు చుట్టి సంచిలో వేసుకున్నాను. చాబీ మేకుకే ఉంది. మెట్లు దిగాను.

కింద పనివాళ్లు అడ్డుగోడ పగలగొట్టి, గుంతలోంచి కూలరు, సైకిలు బయటపడేశారు. వాచ్‌మన్ నన్ను పిలిచి, చెత్తలో దొరికాయని తాళాల గుత్తి చేతిలో పెట్టాడు. అన్నీ ఉన్నాయి. దుకాణం తాళం చెవి కొంచెం వంగింది. జేబులో వేసుకుని ఇంటికొచ్చాను.